ఏడో మలుపు దగ్గర మోటారు

చెంగల్రాయులు అయ్యోరిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. ఆయన ముప్ఫై ఒక్కేళ్లు హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఓపిక ఎట్లా వస్తుందని ఒకడు అడిగినందుకు, ఎలుకలు కొరికిన వాలీబాలు నెట్టు వాడి చేతికిచ్చి మూడు ఆదివారాలు ముడులు వేయించాడు. ధైర్యం గురించి అడిగిన ఇంకొకణ్ణి, తప్పిన పరీక్ష సంగతి నాన్నకు చెప్పి రమ్మని ఇంటికి పంపాడు. దాంతో ఊళ్లో ఆయన్ని ప్రశ్నలడిగేవాళ్లు తగ్గిపోయారు. హేమాద్రి మాత్రం తగ్గలేదు. అతనికి ఇరవై ఏడేళ్లు. తొమ్మిదో తరగతి నుంచి అయ్యోరి శిష్యుడు. ఆ తర్వాత పుస్తకాలకు శిష్యుడయ్యాడు. చదివిన పుస్తకాలన్నిటిలోంచి అతను భద్రంగా దాచుకున్నది ముఖ్యంగా కోపం.

ఆ బుధవారం మధ్యాహ్నం మూడున్నరకు అతను అయ్యోరి గోడకు సైకిలు ఆనించాడు. ఆనించడంలో కూడా ఒక విసురు ఉంది. సన్నటి చక్రాలు, కిందికి వంగిన హ్యాండిలు, మోటారుందంటే ఎవరూ నమ్మనంత నాజూకైన బ్యాటరీ సైకిలు. అయ్యోరు అరుగు మీద కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుస్తున్నాడు.

"ఏమిరా, కొత్త గుర్రం తన్నిందా?" అన్నాడు.

"తన్నింటే బాగుండు అయ్యోరూ. తంతే కనీసం ప్రాణముందని అనుకుందును."

పోయిన వానాకాలం డెంగీ వచ్చి తగ్గిన తర్వాత హేమాద్రి మోకాళ్లలో మునుపటి సత్తువ లేదు. కొన్నాళ్లు ఒక పాత బ్యాటరీ సైకిలుతో నెట్టుకొచ్చాడు. అది గాడిదంత బరువు, దాని రూపమూ అంతే. కానీ పిడి తిప్పితే చాలు, మారుమాట లేకుండా లాక్కుపోయేది. అది పాడయ్యాక రెండు నెలలు ఎదురుచూసి ఈ కొత్తదాన్ని తెప్పించుకున్నాడు. వచ్చి పదిహేను రోజులైంది. ఆ పదిహేను రోజులుగా దాన్ని తిట్టని పూట లేదు.

"ఇది మోసం అయ్యోరూ, పచ్చి మోసం! పెడలు కాడ ఒక సెన్సరు పెట్టినారు. కాలు ఎంత గట్టిగా తొక్కుతుందో అది కనిపెడుతుంది. నేను గట్టిగా తొక్కితే ఇదీ గట్టిగా తోస్తుంది. నేను అలిసి మెల్లగా తొక్కితే ఇదీ మెల్లగా తోస్తుంది. ఇంక నావల్ల కాదురా దేవుడా అన్న చోట, చేతులు కట్టుకుని కూర్చుంటుంది. నాకు సత్తువ ఉన్నప్పుడు దీని సాయం ఎవనికి కావాల? అంగడాయన్ని అడిగితే ఏమన్నాడో తెలుసునా? 'సార్, ఇది అసిస్ట్ సార్, మోటారుసైకిలు కాదు. మీరెంత పెడితే అదంత పెడుతుంది' అన్నాడు. నవ్వుకుంటా అన్నాడు!"

"నవ్వినాడా?"

"నవ్వినాడు. ఇంకా వినండి. చదును రోడ్డు మీద ఇరవై అయిదు స్పీడు దాటితే పూర్తిగా ఆగిపోతుంది. అదేమంటే రూలంట. ఫోన్లో ఒక యాప్ కూడా ఇచ్చినారు. ఇంటికి పోయినాక 'ఈరోజు మీ శ్రమ తగ్గింది' అని నీతులు చెప్తుంది. ఉన్నోనికే పెట్టే బుద్ధి అయ్యోరూ ఇది! లేనోని దగ్గర లేదు కాబట్టి వానికి ఇయ్యగూడదంట. సాయమనేది అవసరాన్ని బట్టి ఉండాల గానీ తాహతును బట్టి కాదు. ఇది సైకిలు కాదు, రెండు చక్రాల మీద తిరుగుతుండే వ్యవస్థ!"

అయ్యోరు ఇంకో కాయ చిదిపాడు. "ఎక్కడ చేతులెత్తేస్తుంది?"

"ఉడుములకొండ ఏడో మలుపు కాడ. ప్రతిసారీ అక్కడే. ఒక్కటి చెప్పండి అయ్యోరూ. అలిసినోణ్ణి వదిలేసేదాన్ని సాయమని ఎట్లా అంటారు?"

ప్రశ్న వచ్చింది కాబట్టి ఇక ఏదో ఒక పని చేతికి వస్తుందని హేమాద్రికి తెలుసు. కానీ అయ్యోరు చేట కూడా అందించలేదు. "పైన బడి ఎట్లుంది?" అని అడిగాడు.

ఉడుములకొండ ఘాటు రోడ్డుకు పదకొండు మలుపులు. పైన చింతమాకులపల్లె. ఆ పల్లె అంగన్‌వాడీ గదిలో హేమాద్రి వారానికి మూడు సాయంకాలాలు ఆడవాళ్లకు బడి నడుపుతాడు. అయిదుగురు ఓపెన్ స్కూలు పదో తరగతికి కూర్చుంటున్నారు. పరీక్షకు ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి. ఆ సైకిలు తెప్పించుకున్నదే ఆ బడి కోసం.

"అయిదుగురు కాదు, నలుగురు," అన్నాడు హేమాద్రి. అతని కోపం తెగకుండానే ఒక దాని మీంచి ఇంకో దాని మీదికి దూకింది. "గంగులమ్మ మొన్న మానేసింది."

గంగులమ్మ ఆ అంగన్‌వాడీలోనే ఆయా. నలభై దాటింది. పది పాసైతే ఆ కేంద్రానికి ఆమె టీచరు కావచ్చు. ఉన్న టీచరు ఈ వేసవికి రిటైరవుతోంది. ఈ పరీక్ష తప్పితే ఆ ఖాళీలోకి కింది ఊరి నుంచి ఎవరో వస్తారు. గంగులమ్మ మళ్లీ చీపురు పట్టుకుని వాళ్లకు వాకిలి తెరుస్తుంది. ఇది ఆమె కన్నా ఎక్కువగా హేమాద్రికే మంటగా ఉండేది. ఆమెను ఇల్లు కదలనివ్వని భర్తతో పోట్లాడి మరీ బడికి రప్పించినవాడు అతనే.

బడి మొదలైన రోజు అతను బోర్డు మీద 'అడగనిదే అమ్మైనా పెట్టదు' అని రాశాడు. అదే మొదటి పాఠం. నోరు తెరిచి అడగకపోవడమే వీళ్ల కాళ్లకున్న మొదటి సంకెల అని అతని గట్టి నమ్మకం. కాబట్టి బడిలో ఒకే నియమం పెట్టాడు. పాఠం ఒకసారి చెప్తాడు. ఆ తర్వాత లేచి నిలబడి అడిగినవాళ్లకు ఎన్నిసార్లయినా చెప్తాడు. అడగనివాళ్లకు చెప్పడు. ముందు వరసలో కూర్చునే సుగుణ పది ప్రశ్నలు అడిగితే పన్నెండు జవాబులు చెప్పేవాడు. గంగులమ్మ వెనకాల బియ్యం డ్రమ్ముకు ఆనుకుని కూర్చుని, తల వంచుకుని రాసుకునేది, చెరుపుకునేది. సోమవారం సాయంత్రం ఆమె లెక్కల పుస్తకాన్ని వార్తాపత్రికలో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఏమి గంగులమ్మా ఇది?"

"నాకు రాదులే సార్. ఇంకెవరికన్నా పనికొస్తుంది."

"రాకపోతే అడగాల గదా! ఎన్నిసార్లు చెప్పినా? అడగనిదే అమ్మైనా పెట్టదు."

"మా యమ్మ అడక్కుండానే పెట్టేది సార్," అందామె, నవ్వకుండా. గడప దాకా పోయి ఆగి, "ఏమడగల్లో తెలిస్తే సగం వచ్చినట్టే గదా. నాకు అది గూడా తెలీదు," అంది.

ఇదంతా హేమాద్రి అయ్యోరికి చెప్పాడు. చెప్పేకొద్దీ గొంతు పెరిగింది. "నేనేమి జేయల్ల అయ్యోరూ? హక్కనేది ఒకరు నోట్లో పెట్టేది కాదు, గుంజుకునేది. వాళ్లు ఒక అడుగేస్తే నేను పదడుగులేస్తా. ఆమె ఆ ఒక్క అడుగూ వేయకపోతే నేనేమి చేసేది?"

అయ్యోరు చేతిలోని కాయ చేటలో పడేశాడు. "ఆ పుస్తకం యాడుంది?" అన్నాడు.

"సంచిలోనే ఉంది."

"పద. ఈ పొద్దు నేనూ వస్తా." చేట పక్కన పెట్టి, ఒళ్లోని పొట్టు దులుపుకుని, చావడిలోంచి తన గేర్ల సైకిలు దింపుకున్నాడు. అది హేమాద్రి తొమ్మిదో తరగతిలో చూసినప్పుడే పాతది.

అయ్యోరి శిష్యుల్లో ఒక అలవాటు ఉండేది. ఆదివారాలు సైకిళ్ల మీద కొండెక్కేటప్పుడు ఒకడి చక్రం అటూ ఇటూ తూలడం మొదలైతే, ఊపిరి మిగిలినవాడు పక్కకొచ్చి వాడి నడుము మీద అరచెయ్యి వేసి మలుపు దాటిస్తాడు. ఆ రోజుల్లో హేమాద్రి అందరికన్నా గట్టివాడు. ఎన్ని నడుముల మీద చెయ్యి వేశాడో అతనికే గుర్తు లేదు. తన నడుము మీద మాత్రం ఎవరి చెయ్యీ పడలేదు. పడే అవసరం రాలేదు.

మొదటి నాలుగు మలుపులు కొత్త సైకిలు ముద్దుగా ఎక్కింది. మోటారు సన్నగా ఈల వేసినట్టు పాడుతోంది. "చూసినారా, ఇప్పుడు చూడండి దాని వినయం!" అని హేమాద్రి వెనక్కి తిరిగి అరిచాడు. అయ్యోరు వెనకాల తన మానాన తాను తొక్కుతున్నాడు. అయిదో మలుపులో అరుపులు తగ్గాయి. ఆరో మలుపులో వ్యవస్థ మీద విమర్శ కూడా ఆగింది. ఏడో మలుపు మొదట్లోనే మోకాలి లోపల ఆ పాత వణుకు వచ్చింది. కాలు జావగారింది. కాలితో పాటే ఈల కూడా సన్నగిల్లి, తెగిపోయింది.

హేమాద్రి పళ్లు కొరుక్కున్నాడు. అంగడాయన నవ్వు, యాప్ చెప్పే నీతి, సోమవారం బల్ల మీద పడిన పుస్తకం, అన్నీ కలిసి ఒకే చోట గుచ్చుకున్నాయి. ముందు చక్రం రోడ్డు అంచు కంకర వైపు తూలింది. ఇక కాలు కింద పెట్టేయాల్సిందే.

అప్పుడు నడుము మీద ఒక అరచెయ్యి పడింది. వెడల్పుగా, వెచ్చగా, వేరుశెనగ పొట్టు గరుకుతో.

"తియ్యండి అయ్యోరూ!" అన్నాడు ఎగశ్వాసలో. "నేను... నేనేమీ అడగలేదు."

"ఆ గాలి కాళ్లకియ్యిరా. నోరు మూసుకుని తొక్కు."

చెయ్యి తీయలేదు. పది బారలు తోసింది, వదిలింది, మళ్లీ వచ్చింది. రెండోసారి వచ్చేసరికి కాలు తిరిగింది. కాలు తిరిగాక మోటారు మళ్లీ ఏమీ ఎరగనట్టు పాట అందుకుంది. ఎనిమిదో మలుపు దాటాక అయ్యోరు వెనక్కి తగ్గాడు. మిగిలిన మూడు మలుపుల్లో హేమాద్రి ఒక్క మాట మాట్లాడలేదు. అతని జీవితంలో ఘాటు రోడ్డు మీద అంత నిశ్శబ్దం అదే మొదటిసారి. నడుము మీద ఆ చెయ్యి ఉన్న చోటు ఇంకా వెచ్చగానే ఉంది. సిగ్గుతో ముఖం కూడా.

వాళ్లు పల్లె చేరేసరికి అయిదు దాటింది. గంగులమ్మ అంగన్‌వాడీ మెట్ల మీద కూర్చుని పిల్లల పలకలు తుడుస్తోంది. హేమాద్రిని చూసి లేవబోయి, వెనకాల వస్తున్న పెద్దాయన్ని చూసి, "నీళ్లు తాగుతారా అయ్యా?" అని లోపలి నుంచి చెంబు తెచ్చిచ్చింది. అయ్యోరు కింది మెట్టు మీద చతికిలబడ్డాడు.

హేమాద్రి నిలబడే సంచిలోంచి పొట్లం తీశాడు. వార్తాపత్రిక విప్పాడు. తను రెండు రోజులుగా మోస్తున్న ఆ పుస్తకాన్ని ఒక్కసారి కూడా తెరవలేదని అప్పుడు తట్టింది. తెరిచాడు. భిన్నాల పాఠం దగ్గర పేజీ మడత పెట్టి ఉంది. లెక్క పక్కన ఉన్న ఖాళీలో పెన్సిలుతో రాసి చెరిపి, మళ్లీ రాసి చెరిపి ఉంది. ఎన్నిసార్లు చెరిపిందో, అక్కడ కాగితం పల్చబడి చిల్లి పడింది. చిల్లిలోంచి వెనక పేజీ లెక్క కనిపిస్తోంది.

అతను చాలాసేపు ఆ చిల్లిని చూశాడు. చివరికి వచ్చి గంగులమ్మ కూర్చున్న మెట్టుకు కింది మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె తుడిచిన పలకల్లో ఒకటి తీసుకుని, ఒక గుండ్రం గీసి, దాన్ని మూడు ముక్కలు చేశాడు.

"ఇది రొట్టె అనుకో గంగులమ్మా. ముగ్గురు పిల్లోళ్లు వచ్చినారు. ఒక్కొక్కరికి ఎంతొస్తుంది?"

గంగులమ్మ పలక వైపు చూసింది, అతని వైపు చూసింది. చేతిలోని తడిగుడ్డ నలుపుతూ నిలబడే ఉంది.

"నేనేమీ అడగలేదు గదా సార్?" అంది మెల్లగా.

హేమాద్రి పలకను ఆమె వైపు జరిపాడు. అయ్యోరు చెంబు కింద పెట్టి, మూతి తుడుచుకున్నాడు.

"మీ సారూ అడగలేదులేమ్మా," అన్నాడు. "కూర్చో."