ముర్తుజా వ్యతిరేకపదాలు

ముర్తుజాకు ఒకటే దిగులు. ఉరుసుకు పై రాష్ట్రాల నుంచి వచ్చే అతిథులను పలకరించే పని ఈసారైనా తనకు దక్కుతుందా అని. దానికి ఇంగ్లీషు కావాలి. అందుకే పెద్ద పెద్ద మాటలు పట్టుకున్నాడు, అవీ జంటలుగా.

"మాటను దాని శత్రువుతో కలిపి కట్టేస్తే ఎటూ పారిపోదు హజ్రత్," అన్నాడు గురువు జమాలుద్దీన్‌తో.

హజ్రత్‌కు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. నవ్వి ఊరుకున్నారు.

దర్గా వంటశాలలో డేగిసాలు తోముతుంటే తోటి శిష్యుడొకడు పుస్తకంలోంచి మాట విసిరేవాడు. "గారులస్!" అనడమే తడవు, "టాసిటర్న్!" అనేవాడు ముర్తుజా. వాగుడుకాయకు మౌనమునిని జోడించడం అతనికి చిటికెలో పని. అందరూ భేష్ అంటుంటే కాళ్లు నేల మీద ఆనేవి కావు.

ఉరుసు మొదటిరోజు కేరళ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. రిటైరైన ఇంగ్లీషు మాస్టారట. హజ్రత్ ముర్తుజానే పంపారు.

బాగున్నారా అని ఇంగ్లీషులో అడిగాడు ముర్తుజా. భార్య పోయి నెలైనా కాలేదని చెప్పి, పెద్దాయన తల వంచుకుని, "ఐ యామ్ డిస్‌కన్సొలేట్," అన్నాడు.

"జూబిలెంట్!" అన్నాడు ముర్తుజా.

నోరు జారాక గాని తెలిసిరాలేదు. ఎవరు ఓదార్చినా తీరని దుఃఖంలో ఉన్నానని మనిషి చెబితే, సంబరం అని అరిచాడు తను! పెద్దాయన ముఖం పాలిపోయింది. సంచీ భుజాన వేసుకుని లేచాడు.

ముర్తుజా పరుగున హజ్రత్ దగ్గరికి వచ్చి జరిగింది చెప్పాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు.

"ఏం చెప్పి ఆపను హజ్రత్? ఆ మాటకు సరైన జవాబేది?"

హజ్రత్ లేచారు. పెద్ద పళ్లెంలో అన్నం, మాంసం వేసి వండిన పప్పు దాల్చా పెట్టించుకుని వెళ్లారు. వాకిట్లో పెద్దాయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, ఎదురుగా కూర్చుని, మొదటి ముద్ద తానే తిన్నారు. కాసేపటికి పెద్దాయన కూడా అదే పళ్లెంలో చెయ్యి పెట్టాడు. తింటూ తింటూ ఏడ్చాడు. మలయాళంలో ఏదేదో చెప్పుకున్నాడు. "అవునయ్యా, అవును," అన్నారు హజ్రత్ తెలుగులో.

ముర్తుజా దూరంగానే నిలబడ్డాడు.

"క్షమించమని ఇంగ్లీషులో అడగనా హజ్రత్?"

"చెయ్యి కడుక్కుని రా. అన్నం ఇంకా ఉంది."

వచ్చి కూర్చున్నాడు. తనూ ఒక ముద్ద కలుపుకున్నాడు. పెద్దాయన కళ్లు తుడుచుకుని, పళ్లెంలో ఉన్న మాంసం ముక్కను అతని వైపు జరిపాడు.