బతికున్నవాడి తద్దినం

మూడు రోజులుగా యాకూబ్ ఖాన్‌కు కూర్చుంటే కూర్చోబుద్ధి కాలేదు, లేస్తే నిలబడబుద్ధి కాలేదు. నమాజులో కూడా మనసు కుదురుగా ఉండటం లేదు.

అతను బెంగాల్ సుల్తాను కొలువులో సేనాపతి. పుట్టినప్పటి పేరు సుబల్. మనసుపడి ఇస్లాం పుచ్చుకున్నాడు. అది తెలిసిన వారానికే సొంతూరి పెద్దలు దర్భలతో అతని బొమ్మ చేయించి, శవానికి చేసినట్టే అన్నీ జరిపించి, కరతోయ నది ఒడ్డున తగలబెట్టించారు. ఏటా తల్లి చేత తద్దినం కూడా పెట్టిస్తున్నారు. మూడోది ఈవేళే. ఆ సంగతి చెవిన పడగానే సేనతో వచ్చి ఊరి బయట దిగాడు.

"చావని నాకు తద్దినమా, పీర్ సాహెబ్?" అన్నాడు గురువు షేక్ కమాల్‌తో. "మధ్యాహ్నానికి ఈ ఊరు తగలబెడతాను. నా కింది నాయబును వచ్చి ఆజ్ఞ తీసుకోమన్నాను."

ముసలి షేక్ చెప్పులు తొడుక్కున్నాడు.

"అలాగే చేద్దువుగానిలే. ముందు పద, నీ తద్దినం చూసొద్దాం. ఎంతమందికి దొరుకుతుంది ఆ భాగ్యం!"

కత్తి తీసేయించి, తన పాత దుప్పటి కప్పి, తల్లి ఇంటి పెరటి కంచె దాకా తీసుకెళ్ళాడు.

పురోహితుడు అప్పటికే వెళ్ళిపోయాడు. పెరటి చివర అరటాకులో అన్నం, పెసరపప్పు, అరటిపువ్వు కూర ఉన్నాయి. తల్లి అన్నం గిన్నె పక్కన పెట్టుకుని, ఎండలో కూర్చుని కాకి కోసం చూస్తోంది. కాకి ముట్టేదాకా ఆవిడ ముద్ద ముట్టకూడదు.

ఒక కాకి వాలింది. కంచె ఇవతలి నుంచి షేక్ చేతికర్ర ఆడించాడు. అది ఎగిరిపోయింది. ఇంకోటి వచ్చింది. దాన్నీ తోలేశాడు.

"ఇంకా కోపమేనా, సుబల్?" అని తల్లి ఏడ్చింది. "నీకిష్టమైన కూరే చేశాను కదరా. ఏం తక్కువైంది?"

మూడో కాకినీ షేక్ అదిలించేసరికి యాకూబ్ ఉండబట్టలేక ఆ కర్ర పట్టుకున్నాడు.

"ఎందుకు తోలుతున్నారు? పొద్దుటి నుంచి ఆవిడ పచ్చి మంచినీళ్ళైనా తాగలేదు!"

"బతికున్నానన్నావు కదా, బేటా," అన్నాడు షేక్. "మరి నీ అన్నం కాకెందుకు తినాలి?"

యుద్ధంలో ఏనుగులకు ఎదురెళ్ళినవాడు మోకాలెత్తు కంచె దాటలేక చాలాసేపు అక్కడే నిలబడిపోయాడు. తర్వాత దాటి వెళ్ళి, ఆకు ముందు కూర్చుని, ముద్ద కలిపాడు.

తల్లి చూసింది. కేక పెట్టలేదు. కట్టుబాటుకు జడిసి కాసేపు కదల్లేదు. ఆ తర్వాత గిన్నె పట్టుకొచ్చి, చెయ్యి తగలకుండా పైనుంచి ఇంకాస్త అన్నం వేసింది.

"ఉప్పు సరిపోయిందా?"

అతను తల ఊపాడు.

వెతుక్కుంటూ వచ్చిన నాయబు కంచె దగ్గర గుర్రం ఆపాడు. "హుజూర్, పొద్దు నడినెత్తికొచ్చింది. కాగడాలు వెలిగించమంటారా?" అన్నాడు.

యాకూబ్ తల ఎత్తకుండానే చెప్పాడు.

"కనబడటం లేదూ? మా అమ్మ వడ్డిస్తోంది."