గుల్లపీతలు వరసలో ఎందుకు నిలబడతాయి

ఒకప్పుడు, గుల్లపీతలకు వరస అంటే ఏమిటో తెలియని రోజుల్లో, ఏరు సముద్రంలో కలిసే ఒక ఏటిమొగ దగ్గర పున్నమినాటికి ముప్పై పీతలూ ముప్పై గుల్లలూ ఉండేవి. అష్టమి వచ్చేసరికి ఇరవై మూడు పీతలే మిగిలాయి.

ఈ లెక్క వేసింది తవిటయ్య. వాడు కుర్రపీత. ఎవరూ చెప్పకుండానే రోజూ పొద్దున్నే సరుగుడు చెట్ల వేళ్ళ చుట్టూ తిరిగి అందరినీ లెక్కపెట్టి వచ్చేవాడు.

"ఎనిమిది రోజుల్లో ఏడుగురు పోయారు పెద్దమ్మా. ఇలాగే సాగితే ఇంకో ఇరవై ఆరు రోజులు. ఆ తర్వాత ఇక్కడెవరూ ఉండరు, లెక్కపెట్టే నాతో సహా!" అన్నాడు ముసలి పోలమ్మతో.

"పొద్దున్నే మంచి కబురు చెప్పావురా," అంది పోలమ్మ.

గుల్లపీతల బాధ గుల్లపీతలకే తెలుసు. ముందువైపు డెక్కలు గట్టిగానే ఉంటాయి. వెనక నడుం మాత్రం వెన్నముద్దలా మెత్తన. అందుకే చచ్చిపోయిన నత్తల గుల్లలు ఏరుకుని వాటిలో నడుం దాచుకుంటాయి. కానీ పీత పెరుగుతుంది, గుల్ల పెరగదు. ఏడాది తిరిగేసరికి ఇల్లు ఇరుకైపోతుంది.

సముద్రం ఎప్పుడైనా ఒక ఖాళీ గుల్లను ఒడ్డుకు విసిరేదా, అందరూ దాని మీద పడేవాళ్ళు! ఒకణ్ణొకడు తోసేవాడు. దొరికినవాడి నడుం పట్టి ఈడ్చేవాడు. గుల్లలోంచి ఊడిపడ్డ పీతను కాకి ఎత్తుకుపోయేది. తీరా గెలిచినవాడు చూసుకుంటే ఆ గుల్ల వాడికి వదులో, బిగువో అయ్యేది. "ఛీ" అని అక్కడే పారేసేవాడు. ఆలోగా ఇద్దరు కాకి కడుపులో ఉండేవాళ్ళు.

నిన్నటి పెనుగులాటలో తవిటయ్య చెల్లెలు నూకాలు గుల్ల పగిలింది. అది అందరిలోకీ చిన్నది. గొడవలోకి వెళ్ళనేలేదు, పక్కన నిలబడి చూసింది, అంతే. ఎవడో దొర్లుకుంటూ వచ్చి దాని మీద పడ్డాడు. ఇప్పుడు సగం నడుం బయటికి కనిపిస్తోంది.

కాకి కూడా చూసింది. తిరగేసిన పడవ మీద కూర్చుని, మెడ వంచి మరీ చూసింది.

"అన్నయ్యా, అది నన్నే చూస్తోంది," అంది నూకాలు.

"నా వెనకే ఉండు. కదలకు," అన్నాడు తవిటయ్య. తన గుల్ల చెల్లెలికిచ్చేద్దామా అని రాత్రే అనుకున్నాడు. కానీ అప్పుడు తను పోతాడు. ఒకరి బదులు ఇంకొకరు. ఇరవై మూడులోంచి ఒకటి తీసేయడం మాత్రం తప్పదు.

పోటు మొదలైంది. ఇంకాసేపట్లో సముద్రం ఏదో ఒక గుల్ల తెస్తుంది. చిన్నది వస్తే ఎవడో గుంజుకుంటాడు. పెద్దది వస్తే నూకాలు దాన్ని మొయ్యలేదు. ఎలా?

తవిటయ్య ఇసుక మీద గీతలు గీశాడు. పెద్ద గీత, దాని పక్కన కాస్త చిన్నది, ఇంకాస్త చిన్నది... ఇరవై మూడు గీతలు. గీసి, ఉన్నట్టుండి గెంతాడు.

"దొరికింది! పెద్ద గుల్ల వస్తే దండాసి మావ అందులోకి పోతాడు. మావ వదిలిన గుల్ల వెనకవాడికి సరిపోతుంది. వాడు వదిలింది ఆ వెనకవాడికి. చివర్న నా గుల్ల నూకాలుకి! వచ్చేది ఒక్క గుల్లే, మారేవి ఇరవై మూడు ఇళ్ళు!"

అందరూ మూగారు. గీతలు చూశారు. పకపకా నవ్వింది ఒక్కడే, దండాసి. ఒడ్డు మొత్తానికి పెద్ద పీత వాడు.

"ఏరా తవిటిగా, వరసలో నిలబడాలా నేను? నాకు బలముంది, లాక్కుంటాను. లాక్కోవడం తప్పని ఎవడన్నాడు? సముద్రం చెప్పిందా నీకు?"

"అడుగుదాం," అన్నాడు తవిటయ్య. అలల దాకా వెళ్ళి గొంతెత్తాడు. "సముద్రమా! లాక్కోవడం తప్పా, ఒప్పా?"

"నేను తెస్తాను, పంచను," అంది సముద్రం. "నీలాంటివాళ్ళు నాకు లెక్కలేనంత మంది. మీ తప్పొప్పులు మీరే చూసుకోండి. నన్ను విసిగించకు, నాకు పోటు పని ఉంది."

"విన్నావా?" అన్నాడు దండాసి.

"విన్నాను మావా. చెప్పేవాళ్ళు లేరు, మనమే ఆలోచించుకోవాలి. ఇప్పుడు మనం ఇరవై మూడు మంది. కాకి వాలితే అది నీ మీదికే వచ్చే వంతు ఇరవై మూడింట ఒకటి. ఇలాగే కొట్టుకుంటే పదిమందిమి అవుతాం. అప్పుడు పదింట ఒకటి. చివరికి నీ బలంతో నువ్వొక్కడివే మిగులుతావనుకో. అప్పుడు కాకి ఎవరి మీదికి వస్తుంది?"

దండాసి నవ్వు ఆగిపోయింది. పడవ వైపు ఓరగా చూశాడు. కాకి ముక్కు నూరుకుంటోంది.

"వీడి నోట్లో పురుగులు పడ!" అన్నాడు మెల్లగా.

అంతలో పెద్ద అల వచ్చింది. వెళ్ళిపోతూ ఒక గుల్లను వదిలింది. లోపలంతా గులాబీ రంగు, పైన ఒక్క గీత లేదు. అంత పెద్ద గుల్ల ఆ ఒడ్డున ఎవరూ చూడలేదు.

ఎవరూ మీద పడలేదు. అది మొదటిసారి.

"వరస! వరస!" అని అరిచాడు తవిటయ్య. అందరూ కదిలారు. "నేను నీకంటే పెద్ద!" "నీ మొహం, నా డెక్క చూడు!" అని కాసేపు తోపులాట. డెక్కకు డెక్క ఆనించి కొలుచుకున్నారు. కొత్త గుల్ల పక్కన దండాసి, ఆ వెనక పోలమ్మ, ఆ వెనక మిగిలినవాళ్ళు, ఇరవై రెండోవాడు తవిటయ్య, చివర్న నూకాలు. ఒకరి గుల్లను ఒకరు వెనక నుంచి పట్టుకున్నారు.

"వరస కట్టారా?" అంది కాకి. "మంచిదే. ఏరుకోవడం నాకు తేలిక."

పీతలన్నీ బిగుసుకుపోయాయి.

"కదులు మావా!" అన్నాడు తవిటయ్య.

దండాసి కదల్లేదు. "కదిలితే? పాత గుల్ల వదిలి కొత్తదాంట్లోకి పోయేలోపు నా నడుం బయటపడుతుంది. వెనకనున్న ముసల్ది పట్టి ఈడిస్తే?"

"నేనెందుకు ఈడుస్తానురా?" అంది పోలమ్మ.

"మొన్న నీ కాలు విరిచింది నేనే కదా."

పోలమ్మకు కుడిపక్క ఒక కాలు లేదు. ఒక్కొక్కరికీ ఎవరెవరిని ఈడ్చారో గుర్తొచ్చింది. తమ వెనక నిలబడింది ఎవరో కూడా గుర్తొచ్చింది.

తవిటయ్య గీతలన్నీ సరిగ్గానే గీశాడు. గీతలకు భయముండదు, పీతలకుంటుంది. అది లెక్కలోకి తీసుకోలేదు.

"పోలమ్మా, నువ్వే చెప్పు," అన్నాడెవడో. "ఈడుస్తావా, ఈడ్వవా?"

"చెప్తే నమ్ముతాడా?" అంది పోలమ్మ. "నేను చెప్పినా అది మాటే. మాట గుల్ల కాదు కదా, వాడు అందులో దాక్కోవడానికి."

కాకి రెక్కలు విప్పింది.

నూకాలు కళ్ళు మూసుకుంది. సమయం లేదు. దండాసి మొదట కదలాలి, కానీ కదలడు. భయం తగ్గాలంటే ముందు ఎవరో ఒకరు నడుం బయటపెట్టి చూపించాలి. ఎవరు? తవిటయ్య వరస చివరి నుంచి ముందుకు చూశాడు, ముందు నుంచి చివరికి చూశాడు. ఎటు చూసినా జవాబు ఒకటే వచ్చింది.

వాడు తన గుల్లలోంచి బయటికి వచ్చేశాడు.

మెత్తటి నడుం వేడి ఇసుకకు తగిలి చురుక్కుమంది. "దూరు!" అన్నాడు చెల్లెలితో. నూకాలు ఒక్క గెంతులో అన్న గుల్లలోకి దూరింది.

"ఒరే, ఏం చేశావురా!" అంది పోలమ్మ. "నీ ముందు ఖాళీ గుల్ల ఏదిరా?"

"ఇంకా లేదు పెద్దమ్మా. ముందు మావ కదలాలి." "మావా, ఇటు చూడు. నాకు గుల్ల లేదు. ముందువాడొక్కడు, వెనక మా చెల్లెలు. ఎవరైనా నన్ను పట్టుకోవచ్చు. పట్టుకోమను."

దండాసి వెనక్కి తిరిగి చూశాడు. వాడి జీవితంలో ఎప్పుడూ చూడనిది చూశాడు. ఒక పీత ఒట్టి నడుంతో అందరి మధ్యా నిలబడి ఉంది. ఇరవై రెండు జతల డెక్కల్లో ఒక్కటీ దాని మీదికి లేవలేదు. పైగా వాడి ముందున్న పీత తన గుల్లను కాస్త పక్కకు తిప్పి, కాకికి అడ్డంగా పెట్టింది.

కాకి నీడ ఇసుక మీద పరుగెత్తుకుంటూ వచ్చింది.

టక్, టక్, టక్. పోలమ్మ దండాసి గుల్ల మీద కొట్టింది. వెనకవాడు పోలమ్మ గుల్ల మీద కొట్టాడు. వరసంతా టకటకలాడింది. "కదులు మావా! కదులు బాబూ!"

"వస్తున్నా, వస్తున్నా! నా చెవులు పగలగొట్టకండి!" అని దండాసి కళ్ళు మూసుకుని బయటికొచ్చాడు. ఎవరూ ఈడ్వలేదు. గులాబీ గుల్లలోకి జారాడు. వాడి గుల్లలోకి పోలమ్మ, ఆమె గుల్లలోకి వెనకవాడు. చప్పుడు వరస వెంట పరుగెత్తింది. కాకి ముందా, చప్పుడు ముందా? ఇరవయ్యోవాడు, ఇరవై ఒకటోవాడు...

తవిటయ్య ముందు గుల్ల ఖాళీ అయింది, వాడు అందులోకి దూరాడు. కాకి ముక్కు దిగేసరికి ఇసుకలో నూకాలు వదిలిన పగిలిన పెంకు ఒక్కటే ఉంది. కాకి దాన్నే కొరికి, "థూ" అని ఎగిరిపోయింది.

దండాసి కొత్త గుల్లలోంచి తల బయటపెట్టి, "పోలమ్మక్కా, ఆ కాలు సంగతి..." అన్నాడు.

"మళ్ళీ మొలుస్తుందిలే," అంది పోలమ్మ.

అప్పటినుంచే ఒడ్డుకు మంచి గుల్ల ఒకటి కొట్టుకొస్తే గుల్లపీతలు దాని మీద పడకుండా, పెద్దదాని వెనక చిన్నది, దాని వెనక ఇంకా చిన్నది, ఒకదాన్నొకటి పట్టుకుని వరసగా నిలబడతాయి. భయం మాత్రం పూర్తిగా పోలేదు. మీరెప్పుడైనా ఆ వరస దగ్గర కదలకుండా కూర్చుని చూడండి. పాత గుల్ల వదిలే ముందు ప్రతి పీతా ఒక్క క్షణం ఆగుతుంది. వెనక ఉన్నదెవరో చూసుకుంటుంది. ఆ తర్వాత మెల్లగా నడుం బయటపెడుతుంది.