కట్టలోపలి పలక

ఒక కోటలో తాటాకు కట్టలు దాచే గది ఉండేది. ప్రతి కట్ట లోపలా ఒక చిన్న పలక. కట్ట విప్పినవాళ్లు పాత తిథి చెరిపి, ఆనాటి తిథి రాయాలి. ఇది గుర్తుంచుకోండర్రా!

ఒకసారి కోట పటం శత్రువుకు చేరిపోయింది.

"పటమున్న కట్టను దశమినాడు విప్పారు ప్రభూ! ఆ రోజు గది ఊడ్చింది ఈ చెంచమ్మే. తల తీయించండి!" అన్నాడు మంత్రి.

చెంచమ్మ మంత్రి వైపు తిరిగి అడిగింది. "అయ్యగారూ, తమరా కట్ట విప్పి చూశారా?"

"ఛీ! ముట్టనైనా లేదు."

రాజు స్వయంగా కట్ట విప్పాడు. పలక మీద దశమే! తలారి కత్తి దూశాడు.

"పలక లోపలుంది కదా ప్రభూ, కట్ట ముట్టని మంత్రిగారికి దశమని ఎలా తెలిసింది?" అంది చెంచమ్మ.

రాజు తాను విప్పాడు గనుక దశమి చెరిపి ఏకాదశి రాశాడు. పటం శత్రువుకు చేర్చి, నేరం చెంచమ్మ మీదికి నెట్టాలని దశమి రాసిన మంత్రి చేతికి సంకెళ్లు వేయించాడు.