రుచి చూసిన అల్లుడు

సాయంత్రం ఆరుంబావుకి రైస్ మిల్లు గుమాస్తా తాళం వేస్తుంటే, తవుడు బస్తాల కింద గరికమ్మ మీసాలు దువ్వుకుంటోంది. అక్కడి ఎలుకలకి ఆమె పెద్ద దిక్కు. ఆమె సరేనంటే తప్ప ఎవరూ కొత్త తిండి ముట్టరు.

ఆ రోజు గోడవార నీలం బిళ్లలు పడి ఉన్నాయి. వేరుశనగ వాసన కమ్మగా వస్తోంది.

"వాటి జోలికి పోకక్కా," అన్నాడు తూము పక్కన కాపురముండే పందికొక్కు కొండబాబు.

"నువ్వా నాకు చెప్పేది? కనబడ్డదల్లా మింగే జాతి మీది. మాకో పద్ధతుంది."

"ఏం పద్ధతిలే. ఒకడు తిని బతికితే అందరూ బతికినట్టేనా?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. కొండబాబుకి కావలసిందీ అదే. బస్తాల కింది వెచ్చని చోటు మీద అతని కన్ను చాలాకాలంగా ఉంది.

ఎలుకల పద్ధతి ఇది. ఒకరు రుచి చూస్తారు. మిగతావాళ్లు తెల్లవార్లూ అతని మూతి వాసన చూస్తూ కాచుకుంటారు. ఎలుక తలలో ముక్కుకీ కడుపుకీ మధ్య సన్నని దారి ఉంది. కడుపులో తిప్పితే ఎలుక బుద్ధి ఆ దారెంట వెనక్కి నడిచి, ఎదురైన మొదటి కొత్త వాసనని దొంగని పట్టినట్టు పట్టుకుంటుంది. ఆ దారి పొడవు మాత్రం ఒక్క పూటే.

వంతు అల్లుడు అప్పలకొండది.

"ఈయనే దొరికాడా అమ్మా?" అంది కూతురు చిట్టెమ్మ, నిండు కడుపుతో.

"వంతు వంతే. నా మొగుడూ అలాగే పోయాడు."

తెల్లారేసరికి అప్పలకొండ గుండ్రాయిలా ఉన్నాడు. "ఏం అత్తా, నిరాశపడ్డావా?" అన్నాడు. అందరూ అతని మూతి వాసన చూశారు, నవ్వారు, తిన్నారు. కడుపులో పిల్లల కోసమని చిట్టెమ్మ అందరికంటే ఎక్కువ తింది.

ఐదో రోజు పొద్దున మిల్లుకి కొత్త తవుడు వచ్చింది. తవుడుకి పరీక్షేమిటని అందరూ తలో పిడికెడు తిన్నారు. మధ్యాహ్నానికి అప్పలకొండ ముక్కు నుంచి రక్తం కారింది. సాయంత్రం చిట్టెమ్మకి నొప్పులొచ్చాయి. ఇద్దరికీ రక్తం ఆగలేదు, ఇద్దరూ పోయారు. పిల్లలూ దక్కలేదు.

గరికమ్మ ఇద్దరి మూతులూ వాసన చూసింది. తల ఎత్తి, "తవుడు," అంది. "ఇక ఎవరూ తవుడు ముట్టొద్దు. మనం పరీక్షించిన బిళ్లలే తినండి."

"అంతేనక్కా," అన్నాడు కొండబాబు తూములోంచి. "తెలిసిన తిండే దిక్కు."

వాళ్లు బిళ్లలే తిన్నారు. మిగిలినవాళ్లూ ఒక్కొక్కరే రాలిపోయారు.

ఆలస్యంగా వచ్చిన నొప్పి, నిన్నటి దొంగని వదిలేసి ఇవాళ్టి చుట్టాన్ని పట్టుకుంటుంది.

మరి నాలుగు రోజులకి, చిగుళ్ల నుంచి రక్తం ఓడుతూ గరికమ్మ గోడవార పడి ఉంటే, ఆ దారిన పోతున్న చుంచు ఆగింది.

"తవుడు మమ్మల్ని చంపేసింది చెల్లీ," అంది గరికమ్మ.

"ఏ తవుడు?" అంది చుంచు. "కొండబాబు పిల్లలు అది వచ్చినప్పటి నుంచీ అదే తిని బలిశాయి. బిళ్లలు మాత్రం వాడు ముట్టనివ్వడు. పోయినేడు పక్క మిల్లులో వాడి అన్నదమ్ములందరూ వాటికే పోయారట. తిన్న ఐదో రోజున."