ఉప్పు పడని పులుసు

మునేటి ఒడ్డున ఆశ్రమం కట్టుకున్న చిదంబరయ్యగారికి ఒక అలవాటుండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ఏదో ఒక పని పురమాయించేవారు. పని పూర్తయ్యేసరికి ప్రశ్న సగం కరిగిపోయేది. మిగిలిన సగానికి ఒక్క మాట చాలేది. అమ్మలారా, అయ్యలారా, ఆ మహానుభావుడి చల్లని చూపు తలుచుకుని ఈ ముచ్చట వినండి.

ఒక ద్వాదశినాడు పొద్దున్నే శిష్యుడు భూషణం వచ్చి పాదాలకు మొక్కాడు. డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరైనవాడు. ఏళ్ల తరబడి ఉన్న చక్కెర జబ్బు ఇప్పుడు మూత్రపిండాల మీదికి వచ్చింది. పట్నంలో పెద్దాసుపత్రివాళ్లు ఆ జబ్బుకి కొత్త మందొకటి పరీక్షిస్తున్నారు. క్లినికల్ ట్రయల్ అంటారు దాన్ని. చేరతారా అని డాక్టరమ్మ అడిగింది. రేపటికల్లా ఏదో ఒకటి చెప్పాలి.

"గురువుగారూ, వాడే మందులు ఎలాగూ మాన్పించరట. వాటికి తోడు కొందరికి కొత్త మందు, కొందరికి అచ్చం అలాగే ఉండే ఉత్తబిళ్ల. ఎవరికేది పడిందో మాకూ తెలీదు, ఇచ్చే డాక్టరుకీ తెలీదు. నచ్చకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చట. అంతా విప్పి చెప్పింది, ఆవిడ తప్పేం లేదు. కానీ నాకు డయాలసిస్ అంటే గుండె ఝల్లుమంటుంది. ఆ భయంతో వెళ్లి చేరితే, కొత్త మందు నా ఒంటికి సరిపడకపోవచ్చు. తీరా పడేది ఉత్తబిళ్లే అయితే? నాకేం ఒరిగినట్టు?"

చిదంబరయ్యగారు అంతా విన్నారు. "పారణ వేళయింది. ముందు భోంచెయ్యి. తర్వాత వడ్డనకి నిలబడు" అన్నారు.

ఆశ్రమంలో వంట సోమిదేవమ్మగారిది. నైవేద్యం కాకముందు ఆవిడ రుచి చూడదు. అయ్యాకా చూడదు, వచ్చినవాళ్లందరూ తినేదాకా మెతుకు ముట్టనని నియమం పెట్టుకుంది. ఉప్పూ కారం అన్నీ చేతి అంచనాలే. అందుకే మొదటి పంక్తి లేచేలోగా వచ్చి, "ఎలా ఉన్నాయండీ?" అని అడిగి వెళుతుంది.

ఆవేళ గుమ్మడికాయ పులుసులో ఉప్పు పడలేదు. భూషణానికి మొదటి ముద్దకే తెలిసింది. 'డాక్టరమ్మ ఉప్పు తగ్గించమంది, నాకిదే మంచిది' అనుకుని హాయిగా కలుపుకున్నాడు. పక్కవాళ్లూ కిక్కురుమనలేదు. దేవుడి ప్రసాదానికి వంక పెడితే కళ్లు పోతాయని వాళ్ల భయం. సోమిదేవమ్మగారు వచ్చి అడిగితే, "అమృతమమ్మా" అన్నారు. అందులో భూషణం గొంతూ ఉంది. చూడండి, భక్తి ఎక్కడ ఎక్కువైపోయిందో.

రెండో పంక్తిలో ఎండలో పడి పత్తి చేల నుంచి వచ్చిన ఆడవాళ్లు కూర్చున్నారు. పులుసు బకెట్టు భూషణం చేతికొచ్చింది. ఒకావిడ ముద్ద నోట్లో పెట్టుకుని, "ఏం మాస్టారూ, ఉప్పు తెస్తానన్న మనిషి కాశీకి పోయాడా?" అంది.

పక్కనావిడ మోచేత్తో పొడిచింది. "ఊరుకోవే, ప్రసాదం."

"ప్రసాదమేలే. మజ్జిగ ఎప్పుడొస్తదా అని అడుగుతున్నా."

విస్తళ్లలో పులుసన్నం అలాగే ఉండిపోయింది. భూషణం మొహం చిన్నబోయింది. బకెట్టుతో నేరుగా వంటింట్లోకి నడిచాడు.

"అమ్మా, పులుసులో ఉప్పు పడలేదు."

"ఇందాక మీరు తిన్నారుగా బాబూ?"

"తిన్నానమ్మా. నాకు సరిపోయిందని ఊరుకున్నాను."

సోమిదేవమ్మగారు ఉప్పు నీళ్లలో కరిగించి గుండిగలో పోసి తిప్పింది. మూడో పంక్తిలో పులుసు మారు అడగనివాడు లేడు. తిరిగి తిరిగి వడ్డించి భూషణం భుజం లాగేసింది.

ఆ పంక్తిలోనే తిని లేచిన చిదంబరయ్యగారు చెయ్యి కడుక్కుంటూ, "పులుసు బాగా కుదిరిందోయ్. నీకు దక్కలేదుగా?" అన్నారు.

"దక్కలేదండీ."

"మరి నీకేం ఒరిగింది?"

భూషణం బకెట్టు కింద పెట్టాడు. "వాళ్లు మారడిగి తింటుంటే బాగుందండీ. రెండో పంక్తిని తలుచుకుంటేనే..." అని ఆగిపోయాడు. తర్వాత నెమ్మదిగా, "అయితే చేరమంటారా?" అని అడిగాడు.

"అది నీ ఒళ్లు, నీ ఇష్టం. నీ అనుమానాలన్నీ ఆ డాక్టరమ్మనే అడుగు. ఆ మందు మొదటి పంక్తిలో కూర్చోనన్నా, మధ్యలో లేచి వచ్చేసినా తప్పు లేదు." కండువాతో చెయ్యి తుడుచుకుని లోపలికి వెళ్లబోతూ ఆయన వెనక్కి తిరిగారు.

"కూర్చుంటే మాత్రం, ఆ నాలుక నీ ఒక్కడిదే కాదు నాయనా."