చెక్కబిళ్ల ఎవరి మెడలో

ఖాసింసాబు పంతులు నిలువునా ఇరుక్కుపోయాడు.

సర్కారు నడిచేదీ, బడి నడిచేదీ ఉర్దూలోనే అయిన రోజులవి. అతని బడిలో తెలుగు మాట్లాడిన పిల్లల మెడలో ఒక చెక్కబిళ్ల పడేది. దాన్ని వదిలించుకోవాలంటే తెలుగు మాట్లాడే ఇంకొకరిని పట్టుకుని వాళ్ల మెడలో వెయ్యాలి. సాయంత్రం గంట మోగాక, బెత్తం దిగే వేళకు బిళ్ల ఎవరి మెడలో ఉంటే వాళ్లకు రెండు బెత్తం దెబ్బలు. పైవాళ్లు అడగనైనా అడగలేదు, ఆ పద్ధతి పుట్టించింది ఖాసింసాబే. దూదేకులవాళ్ల ఇంట పుట్టి, తల్లి ఒళ్లో తెలుగే నేర్చినవాడు. పరీక్షలు ప్యాసయ్యాక ఆ సంగతి ఎవరైనా ఎత్తితే మొహం మాడ్చుకునేవాడు.

కుమ్మరోళ్ల పిల్ల పోచమ్మ వరసగా మూడు రోజులు దెబ్బలు తిన్నది. అరచెయ్యి పొంగి అన్నం కలుపుకోలేకపోయింది. ఇవాళ ఇంకో పిల్ల మీద బెత్తం లేస్తే బడికి కప్పు మిగలదని ఊరివాళ్లు కబురంపారు. బెత్తం లేవకపోతే కొలువు మిగలదని తనిఖీకొచ్చి ఆ పద్ధతిని మెచ్చిన అధికారి చెప్పేశాడు.

పొద్దున్నే ఖాసింసాబు తన గురువు హుస్సేనయ్య తాత దగ్గరికి పోయి, ఎటు తిరగాలో చెప్పమన్నాడు. ఆయనతోనూ ఉర్దూలోనే మొరపెట్టుకున్నాడు.

తాత దూది ఏకడం ఆపలేదు. "గంట ఎప్పుడు కొడతరు?" అని మాత్రం అడిగాడు.

సాయంత్రానికి బడిగోడ అవతల కర్రలు పట్టుకుని జనం నిలబడ్డారు. లోపల కుర్చీలో అధికారి. బిళ్ల మళ్లీ పోచమ్మ మెడలోనే ఉంది. పిల్లలంతా పెదాలు బిగించుకు కూర్చున్నారు. ఆ పిల్ల ఒక్కొక్కరి నోటికేసే చూస్తోంది.

అప్పుడు తాత వచ్చాడు. ఎవరినీ పలకరించకుండా పోచమ్మ ముందు కూలబడ్డాడు.

"ఏం కూర తిన్నవ్ బిడ్డా?"

పిల్ల బిత్తరపోయి చూసింది. తాత తల వంచాడు. "తెలుగు మాట్లాడిన గద. ఎయ్యి."

బిళ్ల తీసి తాత మెడలో వేసింది. గంట మోగింది.

తాత లేచి ఖాసింసాబు ముందు అరచెయ్యి చాపాడు. ఇసకలో అతనిచేత మొదటి అక్షరం దిద్దించిన చెయ్యి అది. ముసలివాడైనా, పిల్లవాడైనా కానూను ఒకటేనన్నాడు అధికారి.

ఖాసింసాబు బెత్తం ఎత్తాడు. అది గాలిలోనే ఆగిపోయింది.

"నాతోని కాదు తాతా. చెయ్యి తీస్కో."

ఆ బడిలో అతని నోట తెలుగు రావడం అదే మొదలు. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అధికారి కలం మూత తీశాడు.

తాత మెల్లగా బిళ్ల తీసి చేతిలో పట్టుకున్నాడు. "దొరికినవ్" అన్నాడు.

ఖాసింసాబు మెడ వంచి వేయించుకున్నాడు. తర్వాత బెత్తం తీసుకెళ్లి అధికారి ముందు బల్ల మీద పెట్టి, అరచెయ్యి చాపి నిలబడ్డాడు.